పెద్ద సేనానీ, మధ్య గదీ

మా ఇంట్లో మధ్య గది నాకే దక్కాలని ఆ ఆదివారం పొద్దున్నే గట్టిగా తీర్మానించుకున్నాను. నవ్వకండి. తపాలా ఆఫీసులో ముద్రలు కొట్టే మనిషికి మాత్రం పట్టుదల ఉండదా?

సంగతేమిటంటే, మా ఆఫీసు వార్షికోత్సవానికి ఓ పాత విషాద నాటకం వేస్తున్నాం. ఒకే పక్షం సేనానులిద్దరు ఆఖరి యుద్ధానికి ముందు పోట్లాడుకుంటారు. కోటలోనే ఉందామంటాడు పెద్దవాడు. బయటికెళ్లి కొడదామంటాడు చిన్నవాడు. చిన్నవాడు మాటలతోనే పెద్దవాణ్ణి పడగొడతాడు. పెద్దవాడు సరేనంటాడు, మర్నాటికి ఇద్దరూ పోతారు. ఆ పెద్దవాణ్ణి నేనే.

నెల రోజులుగా ఇంట్లో సాధన. చిన్న సేనాని మాటలు మా ఆవిడ అందిస్తోంది, పుస్తకం పక్కన పెట్టుకుని కుట్టుమిషను తొక్కుతూ. ఆ మిషను ఉండేది వరండాలో. జల్లు కొడితే మిషనూ, బట్టలూ, ఆవిడా ముగ్గురూ తడుస్తారు. అందుకని మధ్య గది తనకి కావాలంటుంది. నాకేమో అరవడానికి నాలుగు గోడలు కావాలి. వరండాలో అరిస్తే, ఎవరికేమైందోనని పక్కింటాయన ఇప్పటికి రెండుసార్లు పరుగెత్తుకొచ్చాడు.

చిన్న సేనాని ఎత్తుగడ నాకు తెగ నచ్చింది. ముందు పొగుడుతాడు, తర్వాత నొచ్చుకుంటాడు, చివరికి ఒంటరిగా పోతానంటూ గుమ్మం వైపు నడుస్తాడు. అదే మా ఆవిడ మీద వదిలాను.

"నీలాంటి ఇల్లాలు ఈ వీధిలోనే లేదోయ్!"

"మధ్య గదేనా?" అంది తలెత్తకుండా.

"ఇన్నేళ్లలో నిన్ను నోరు తెరిచి ఏమైనా అడిగానా?"

"పొద్దుట్నించి మూడుసార్లు టీ అడిగారు."

ఇక నొచ్చుకోవడానికి చోటు లేకపోయింది. నేరుగా ఆఖరి మెట్టుకి దిగాను. "సరే, నేనొక్కణ్ణే పోతాను!" అంటూ వీధి గేటు దాకా నడిచాను.

"ఎలాగూ పోతున్నారుగా, తెల్లదారం ఉండ ఒకటి పట్టుకురండి," అంది.

అంతటితో ఊరుకుంటే బాగుండేది. మిషను ఆపి లేచి నిలబడింది. మెళ్లో కొలతల టేపు. చేతిలో పుస్తకం లేకుండానే చిన్న సేనాని మాటలు అందుకుంది.

"అన్నా! నీ గెలుపే నా గెలుపనుకుని నీ వెనకే నడిచాను. ఒక్కటి అడిగితే కాదంటావా? వద్దులే. నువ్వు గోడల మధ్య చల్లగా ఉండు. బయట నేనొక్కణ్ణే నిలబడతాను."

ఆ గొంతులో వణుకు విని నాకు నిజంగానే కళ్లు చెమర్చాయి. నెల రోజుల అలవాటున ఒళ్లు దానంతటదే కదిలింది. మోకాలు వంచి, చెయ్యి చాచి, "తమ్ముడా! ఇక వాదించను. నీ మాటే నా మాట!" అని గర్జించాను.

పక్కింటాయన పరుగెత్తుకొచ్చాడు.

"కంగారేం లేదు అన్నయ్యగారూ," అంది మా ఆవిడ. "మధ్య గది నాకిచ్చేశారు. మీరూ విన్నారుగా. కాస్త ఈ మిషనుకి ఓ చెయ్యి వేస్తారా?"

మిషనుకి ఆయన ఒక పక్క, నేనొక పక్క. గడప దాటుతుంటే అప్పుడు తట్టింది నా బుర్రకి. ఈ నెల రోజులూ ఆవిడ సాధన చేసింది ఒప్పించడం. నేను సాధన చేసింది ఒప్పుకోవడం.

ఇప్పుడు నా సాధనంతా వరండాలోనే. నిన్న జల్లు కొడుతుంటే గోడకి అతుక్కుని నా మాటలు చెప్పుకుంటున్నాను. లోపలి నుంచి కేక వినిపించింది.

"కాస్త గట్టిగా అనండీ! మిషను చప్పుడులో వినపడట్లేదు!"