బొమ్మ చూపే బటన్

పదకొండింటికి గ్రంథాలయం వాళ్ళు వస్తారు. వాళ్ళ పుస్తకాల పట్టిక, సభ్యుల పట్టిక, మిగతావన్నీ ఒకదానికొకటి ఎలా ముడిపడ్డాయో తెరమీద బొమ్మగా చూపించాలి. మూడు వారాలు కూర్చుని వాటిని డేటాబేసులో కట్టింది కొత్తగా చేరిన అమ్మాయి. వాళ్ళకు నచ్చితే ఆమె ఉద్యోగం ఖాయం చేస్తానని మేనేజరు మాటిచ్చాడు. తొమ్మిదింటికే వచ్చి, కాఫీ పక్కన పెట్టుకుని, తీరిగ్గా ఒకసారి చూసుకుందామనుకుంది.

చూడటానికి బటనే లేదు. నిన్న కోడ్ రాసే ఎడిటర్‌లో కుడివైపు పైన ఉంది, నొక్కగానే బొమ్మ గీసింది. ఇవాళ ఆ చోటు ఖాళీ. మెనూలన్నీ గాలించింది, ఆ బటన్‌ను తెచ్చిపెట్టే ఎక్స్‌టెన్షన్ తీసేసి మళ్ళీ పెట్టింది. తన కళ్ళమీద తనకే నమ్మకం పోయి పక్క సీటులోని టీమ్ లీడ్‌ను అడిగింది. తెలియదు అనే మాట ఆయన నోట ఎవరూ వినలేదు.

"బటన్ రాలేదంటే చూపించడానికి ఏమీ లేదన్నమాట. పట్టికలు పోయుంటాయి."

"నిన్న చూశాను కదా సర్."

"నిన్నటి సంగతి వదిలెయ్. ఇవాళ కనబడుతున్నాయా?"

కనబడటం లేదు. నిజంగానే నిన్న చూశానా అని ఆమెకు అనుమానం మొదలైంది.

గోరంత మాట మేనేజరు గదికి చేరేసరికి కొండంతైంది. ఎవరో చొరబడి అన్నీ తుడిచేశారని ఆయన తేల్చేశాడు. పాత కాపీలు భద్రపరిచే పెద్దాయన్ని, ఆఫీసంతా బాబాయి అని పిలిచే మనిషిని, పరుగున రప్పించారు.

"బాబాయ్, ముందు ఒకసారి చూస్తే..." అని ఆమె నసిగింది.

"చూడటానికి బటనే లేదన్నావు కదమ్మా," అంటూ బాబాయి పోయిన నెల కాపీని డేటాబేసు మీదికి ఎక్కించడం మొదలుపెట్టాడు.

ఏం తోచక ఆమె ఎడిటర్‌లో తెరిచి ఉన్న మీటింగ్ నోట్స్ పక్కకు తోసి, డేటాబేసుకు దారిచూపే ఫైలు తెరిచింది. బటన్ ప్రత్యక్షమైంది. ఆ ఫైలు ముందుంటేనే అది కనబడుతుంది. పొద్దుటినుంచీ ఆమె ముందున్నవి నోట్సే.

"ఆపండి బాబాయ్, దొరికింది."

"ఇప్పుడే అయిపోయిందమ్మా," అన్నాడు బాబాయి తృప్తిగా.

బటన్ నొక్కింది. తెల్లటి తెర. పోయిన నెలకి ఆమె ఒక్క పట్టికా కట్టలేదు మరి.

"బటన్ ఉంది కదా, పట్టికలేవి?" అన్నాడు లీడ్, అయోమయంగా.

పదకొండింటికి వాళ్ళు రానే వచ్చారు. ఆమె మార్కర్ తీసుకుని గోడమీది తెల్లబోర్డు నిండా బొమ్మంతా జ్ఞాపకం మీదే గీసింది. వాళ్ళు తలలూపి, అచ్చం ఇలాగే నెలాఖరుకల్లా కావాలని చెప్పి వెళ్ళారు.

మేనేజరు ఆమెను పక్కకు పిలిచాడు. "ఇదంతా ఇంకెక్కడైనా రాసి ఉందా?"

"లేదు సర్."

"ఇంకెవరికైనా తెలుసా?"

"ఎవరికీ తెలీదు సర్."

మధ్యాహ్నానికల్లా ఆమె ఉద్యోగం ఖాయమైంది. పని బాగుందని కాదు, చేసిన పనంతా ఆమె బుర్రలో తప్ప ఇంకెక్కడా మిగల్లేదని.