వణుకుడు మైకు

కరెంటు ఇంకా కొత్తగా ఉన్న రోజులు. ఆ పొద్దున గట్టయ్య అనుకున్నది చాలా చిన్న పని. చొప్పదండిలో హనుమండ్లు బిడ్డ పెళ్లికి మైకు పెట్టాలి, పేరు తెచ్చుకోవాలి. ఇది అతని మొదటి పెళ్లి బేరం. పేరొస్తే నాలుగూళ్లు పిలుస్తాయి. పోతే ఆ సెట్టును మళ్లీ ఎవరూ గడప తొక్కనివ్వరు.

సెట్టు మామూలుది కాదు. బెల్లంపల్లి గనుల్లో పనిచేసిన దొర ఒకాయన స్వదేశం పోతూ అమ్మేసిన గిటారు ఆంప్లిఫయరు. ఇప్పటిలా మీట నొక్కగానే పలికే వస్తువు కాదది. ఆ రోజుల్లో ఏ సెట్టుకైనా లోపలి గాజు వాల్వులు వేడెక్కి ఎర్రబడేదాకా జనమంతా ఊపిరి బిగబట్టి చూసేవారు. పెళ్లి సంబరంలో సగం ఆ చూడటంలోనే ఉండేది. ముందువైపు వరసగా నాబులు. గొంతు పెంచేదేదో, సన్నం చేసేదేదో గట్టయ్యకు తెలుసు. చివరిది ఎందుకో తెలియదు. గిటారు మోతను అలలా పెంచి తగ్గించి వణికించడానికి దాన్ని పెట్టారని దొర చెప్పలేదు, గట్టయ్య అడగలేదు. పెద్దింటి పెళ్లిలో ఏ నాబూ ఖాళీగా ఉండటం మర్యాద కాదని అన్నిటినీ నిండా తిప్పేశాడు.

హనుమండ్లు మైకు అందుకున్నాడు. కన్నతల్లి పోయిననాడు కూడా కంట తడి పెట్టలేదని ఊళ్లో అతనికి పేరు.

"ఖానాపూర్ నుంచి వచ్చిన చుట్టాలందరు జర కూసోండ్రి" అన్నాడు.

చుట్టాలకు వినిపించింది వెక్కివెక్కి ఏడుస్తున్న తండ్రి గొంతు.

ముందు పెళ్లికూతురు బాలలక్ష్మి ముక్కు చీదింది. అది చూసి తల్లి యాదవ్వ గొల్లుమంది. "ఇన్నేండ్లల్ల ఈ మనిషి ఏడ్సంగ నేను చూడలే. బిడ్డను పంపబుద్ధైతలేదు గావచ్చు" అంది. ఆ మాట మగపెళ్లివారి విడిదికి చేరేసరికి, హనుమండ్లుకు సంబంధమే ఇష్టం లేదన్నంత అయింది. వరుడి తండ్రి అంతయ్య కండువా దులిపి లేచాడు.

"మనసు లేని పిల్లను మేం తీస్కపోం బావా. నడువుండ్రి, అందరు లారీ ఎక్కుండ్రి."

"నేను ఏడుస్తలేను బావా" అన్నాడు హనుమండ్లు, మైకులోనే. అది మరీ జాలిగా వణికింది. బ్యాండువాళ్లు సైతం డోళ్లు దించి కళ్లు తుడుచుకున్నారు.

గట్టయ్య సెట్టు మీదికి వంగాడు. నాబులను ఒక్కొక్కటిగా ముందుకూ వెనక్కీ తిప్పి చూశాడు. చివరిది వెనక్కి తిప్పగానే వణుకు ఆగింది. పరుగున పోయి అంతయ్య ముందు చేతులు జోడించాడు.

"కసూరు నా సెట్టుదే పటేలా. పెద్దమనిషి ఏడ్వలే."

నమ్మకం కోసం తనే మైకులో మాట్లాడి, నాబు అటూ ఇటూ తిప్పి వినిపించాడు. అటు తిప్పితే ఏడుపు, ఇటు తిప్పితే గట్టయ్య. అంతయ్య నవ్వుతూ కూర్చున్నాడు. పెళ్లి సవ్యంగా జరిగింది.

సాయంత్రం అప్పగింతలప్పుడు హనుమండ్లు మళ్లీ మైకు పట్టాడు. "బావా, నా బిడ్డ..." అన్నాడు. గొంతు గడగడ వణికింది. జనమంతా గట్టయ్య వైపు కోపంగా తిరిగారు. హనుమండ్లు కూడా చూశాడు, బతిమాలుతున్నట్టు. నాబు సున్నా మీదే ఉంది. ఆ ఒక్క మాట చెబితే తన పేరు దక్కుతుందని గట్టయ్యకు తెలుసు. కానీ అతనికీ దుఃఖం పొంగుకొచ్చింది.

"మల్ల ఖరాబైంది పటేలా" అన్నాడు అందరికీ వినబడేలా. "ఇగ బాగు కాదు. నువ్వు చెప్పేదేదో చెప్పు."

హనుమండ్లు మనసు తేలికపడేదాకా చెప్పాడు. గట్టయ్య నానా తిట్లు తిని, తన పని అయిపోయిందనుకుంటూ సెట్టు మోసుకుని ఇల్లు చేరాడు.

ఆ ఎండాకాలమంతా పెళ్లికూతుళ్ల తండ్రులు అతని ఇంటికి వరస కట్టారు, బాగుచేయించకుండా ఆ సెట్టునే పంపమని.