మూడు సుడుల విధేయత

నాలుగు పార్టీల అనుభవం గల నాయకులు లింబయ్య గారు మొన్న బోధన్‌లో విలేకరుల సమావేశం పెట్టి, తుదిశ్వాస వరకు తన కటింగ్ షాపు మార్చబోనని ప్రకటించారు. ఆ మాటకు ఇద్దరు కార్యకర్తలు కళ్లు తుడుచుకున్నారు. పాపం, ఒక కొత్త విలేకరి మాత్రం ‘మరి పార్టీ?’ అని అడిగాడు. అది తన వ్యక్తిగత విషయమని లింబయ్య గారు సున్నితంగా చెప్పారు.

ఆ ప్రకటనను జిరాక్స్ తీసింది నేనే. రెంజల్ రోడ్డులో నాకు చిన్న జిరాక్స్ షాపుంది. దాన్ని ఆనుకునే బెన్‌హర్ కటింగ్ షాపు. పదకొండేళ్లుగా నా తల అతని చేతిలోనే ఉంది. దేవుడు పుట్టుకతోనే వచ్చాడు, భార్యను పెద్దవాళ్లు చూశారు. నా అంతట నేను వెతుక్కుని కట్టుబడి ఉన్నది ఒక్క బెన్‌హర్‌కే. అలాంటివాణ్ణి కాబట్టి లింబయ్య గారి నిర్ణయంలోని గొప్పతనం నాకు వెంటనే అర్థమైంది.

అసలు సంగతేమిటంటే, ఎమ్మెల్యే టికెట్ ఎవరికివ్వాలో తేల్చడానికి పార్టీ హైదరాబాద్ నుంచి ఒక పరిశీలకుణ్ణి పంపుతోంది. ఈసారి నిలకడ ఉన్నవాళ్లకే టికెట్ అని పైనుంచి కబురొచ్చింది. లింబయ్య గారు, ఆయన పీఏ వేణు ఒక రోజంతా కూర్చుని ఆయన జీవితంలో నిలకడ కోసం వెతికారు. పార్టీలు నాలుగు. ఇళ్లు మూడు. ఫోన్ నంబర్లు తొమ్మిది. జన్మనక్షత్రం కూడా ఎవరో సిద్ధాంతి చెబితే ఒకసారి మార్చుకున్నారు. కటింగ్ షాపులూ బోలెడు మార్చారు గానీ, ఆ విషయం ఏ పేపర్లోనూ రాలేదు.

“అన్నా, గదొక్కటి పట్టుకుందాం,” అన్నాడు వేణు. “మంచి దుకాణం ఒకటి దేవులాడుదాం. ముప్ఫై ఏండ్ల సంది గాడికే పోతున్నమని చెప్పుదాం.”

ఆ విధంగా కటింగ్ షాపు అన్వేషణ మొదలైంది. మొదట నిజామాబాద్‌లో ఒక ఏసీ సెలూన్‌కు వెళ్లారు. అక్కడి అమ్మాయి నలభై రకాల కటింగుల పుస్తకం చేతిలో పెట్టి, ఒకటి ఎంచుకోమంది. ఒక్కటే ఎంచుకోవాలనేసరికి లింబయ్య గారికి ఏసీలోనే చెమటలు పట్టాయి. కాసేపు ఆలోచించుకుని చెబుతానని లేచి వచ్చేశారు.

తరువాత మా ఊళ్లోనే మార్కెట్ యార్డు వెనక ఒక షాపు. అతను పనిమంతుడే. కాకపోతే గడ్డం కింద కత్తి పెట్టాక నోరు విప్పాడు.

“మా గల్లీ మోరీ ఎప్పుడు కట్టిస్తరు సారూ?”

“వచ్చే నెల.”

“తల జర పైకి లేపుండ్రి.”

“రేపే.”

ఆ మురుగుకాలువ నిజంగానే కట్టారు. లింబయ్య గారి ప్రజాజీవితంలో చెప్పిన తేదీకి మొదలై పూర్తయిన పని అదొక్కటే. కానీ అలాంటి షాపుకు కట్టుబడి ఉంటే నియోజకవర్గమంతా బాగుపడిపోయే ప్రమాదం ఉందని వేణు హెచ్చరించాడు.

చివరికి ఒక మంగళవారం బెన్‌హర్ దగ్గరికొచ్చారు. మంగళవారం మా దగ్గర ఎవరూ కత్తెర ముట్టరు. బెన్‌హర్ మెథడిస్టు చర్చి మనిషి, అతని సెలవు ఆదివారం. అందుకని ఆ రోజు షాపు తెరిచి ఉంది. కుర్చీలో నేనున్నాను. ప్రజాస్వామ్యం మీద గౌరవంతో ఒక చెంప గీయించుకున్నవాణ్ణి అలాగే లేచి బల్ల మీద కూర్చున్నాను.

బెన్‌హర్ ఏ కటింగని అడగలేదు. అతను ఎవరినీ అడగడు. రెండు నిమిషాలు ఆ తలను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“అన్నా, నీకు మూడు సుడులున్నయి,” అన్నాడు.

రెండు సుడులుంటే రెండు పెళ్లిళ్లని అందరికీ తెలుసు. మూడుంటే ఏమిటో పెద్దలెవరూ చెప్పలేదు. లింబయ్య గారి మొహం పాలిపోయింది. ఏమవుతుందని అడిగారు.

“ఏం గాదు. ఎంట్రుక ఒక్కతాన నిలవడది, తలా ఓ దిక్కు తిరుగుతది. ఎదురు దువ్వద్దు. ఎటు తిరిగితే అటే పోనియ్యాలె.”

పుట్టినప్పటి నుంచి తనను ఇంతగా అర్థం చేసుకున్న మనిషి లేడని లింబయ్య గారు కన్నీళ్లు పెట్టుకున్నారు. నిజం చెప్పాలంటే కటింగ్ చాలా బాగా కుదిరింది. అద్దంలో ఆయన సొంత అభిప్రాయాలున్న మనిషిలా కనిపించారు.

మర్నాడు కృతజ్ఞతగా వేణు చేత ఒక మూట పంపారు. విప్పితే పాత పార్టీల కండువాలు. వంకాయ రంగువి, ఇటుక రంగువి, నెమలి రంగువి. గుడ్డ మంచిది, పారేయబుద్ధి కాలేదట. బెన్‌హర్ వాటిని శుభ్రంగా ఉతికి, మడతపెట్టి, వెంట్రుకలు చొక్కాలోకి పోకుండా గిరాకీల మెడకు చుట్టడం మొదలుపెట్టాడు. నాకు ఇటుక రంగు వచ్చింది. ఏదైనా పార్టీతో నా సంబంధం ఆ పావుగంటే.

నేను మొదట చెప్పిన విలేకరుల సమావేశం ఆ తరువాత జరిగింది. అందులో ఇంకో హామీ కూడా ఇచ్చారు. గెలిచాక బెన్‌హర్‌ను హైదరాబాద్ తీసుకెళ్లి ఎమ్మెల్యే క్వార్టర్స్‌లో పెట్టుకుంటారట. ఈ వయసులో నా తల కొత్తవాడికి ఎలా పరిచయం చేయను? కందకుర్తి పోయి గోదావరి సంగమంలో మూడు మునకలేసి, ఆయనకు టికెట్ రాకుండా చూడమని మొక్కుకున్నాను. ఆయన మీద నాకున్న అభిమానంలో మాత్రం మార్పు లేదు.

పరిశీలకుడు గారు కూడా మంగళవారమే దిగారు. గడ్డం గీయించుకోవాలన్నారు. ఊళ్లో తెరిచి ఉన్నది ఒకటే షాపు కాబట్టి, లింబయ్య గారు ఆయన్ని సగర్వంగా వెంటబెట్టుకుని వచ్చారు. నేను బల్ల మీద ఉన్నాను. బెన్‌హర్ మడతల పైనున్న కండువా తీసి ఆయన మెడకు చుట్టి, నురగ పట్టించాడు. అది వంకాయ రంగుది, అంటే ఎదుటి పార్టీది. లింబయ్య గారు ఎనిమిది నెలల కింద వదిలివచ్చింది దాన్నే. అద్దంలో తన తల చూసుకుంటూ ఆయన అది గమనించలేదు. వేణు ఫోటో తీసి, ‘పరిశీలకుడు గారు సైతం మా అన్న బాటలోనే’ అని రాసి, అప్పటికప్పుడు అన్ని గ్రూపుల్లో పెట్టాడు.

లింబయ్య గారు ముప్ఫై ఏళ్లుగా ఇక్కడికే వస్తున్నారట కదా అని పరిశీలకుడు గారు అడిగారు.

“నాకే ముప్ఫై నాలుగేండ్లు సారూ,” అన్నాడు బెన్‌హర్. అతనికి అబద్ధం రాదు.

నా మొక్కు ఫలించిందనుకున్నాను. పరిశీలకుడు గారు కాసేపు లెక్క వేశారు. “అంటే నాలుగేళ్ల వయసులోనే మీలోని ప్రతిభను గుర్తించారన్నమాట,” అని పుస్తకం తీసి రాసుకున్నారు. లింబయ్య గారు వినయంగా తల వంచారు.

ఆయనతో హైదరాబాద్ వెళ్తున్నారా అన్నది తరువాతి ప్రశ్న.

“పోను సారూ. ఆదివారం చర్చిల పాట నేనే ఎత్తుకోవాలె. గీ రోడ్డు మీది తలలన్నీ నాకెరుక. ఆడ ఎవల తల ఎట్లుంటదో.”

లింబయ్య గారు నొచ్చుకున్నారు. “నీకు కట్టుబడి ఉంటనని పేపర్ల చెప్పిన గదా బెన్‌హర్?”

“నువ్వు చెప్పినవన్నా. నేను చెప్పలె.”

లేచి అతన్ని కౌగిలించుకుందామనుకున్నాను. చేతిలో కత్తి ఉందని ఆగాను. నా జీవితంలో అంత సంతోషం అంతకుముందు మా అమ్మాయి పది పాసైనప్పుడే చూశాను.

అప్పుడే పరిశీలకుడు గారి ఫోన్ మోగింది. మన దగ్గర పార్టీలో చేరడానికి కాగితాలక్కర్లేదు. మెడలో కండువా పడి, ఫోటో బయటికొస్తే చేరినట్టే. ఎదుటి పార్టీ పెద్దాయనే స్వయంగా చేశాడు. స్వాగతం చెబుతున్నట్టుంది. పరిశీలకుడు గారు కంగారుగా అద్దంలోకి చూసుకుని, అయ్యో, పొరపాటండీ, నేను గడ్డానికి వచ్చాను, అని మొదలుపెట్టారు. తరువాత మాట్లాడటం మానేసి వినసాగారు. చాలాసేపు విన్నారు.

“చైర్మన్ పదవేనా?” అని అడిగారు. కాసేపాగి, “కారు కూడానా?” అన్నారు.

ఫోన్ పెట్టేసి కళ్లు మూసుకున్నారు. బెన్‌హర్ మిగతా గడ్డం పూర్తి చేసి, మొహం తుడిచి, మెడ దగ్గర ముడి విప్పబోయాడు. పరిశీలకుడు గారు అతని చెయ్యి పట్టుకున్నారు.

“అది తీయకు.”

టికెట్ ఇప్పించాల్సిన మనిషి ఆ కండువాతోనే బయటికి నడిచి కారెక్కుతున్నాడు. లింబయ్య గారు ఆయన మెడ వైపు చూశారు. తన మెడ వైపు చూసుకున్నారు. తరువాత బెన్‌హర్ దగ్గరికి జరిగి, గొంతు తగ్గించారు.

“బెన్‌హర్, గదే రంగుది ఇంకోటి ఉన్నదా?”

బెన్‌హర్ సొరుగు లాగాడు.

“నీదే అన్నా. ఉతికి పెట్టిన.”