లోపల బ్యాక్టీరియా ఉంది

సోమవారం ఉదయం కోటేశ్వరరావు ఒక నిర్ణయంతో ఆఫీసుకి వచ్చాడు. శుక్రవారానికల్లా ఆఫీసులోని చేపల తొట్టి కొత్తదానిలా కనపడాలి.

అమెరికాలోని హెర్న్‌డన్‌లో ఒక పళ్ళ డాక్టరు క్లినిక్ పక్కన ఉంది ఆయన కన్సల్టెన్సీ. అమెరికన్ కంపెనీలకు సాఫ్ట్‌వేర్ మనుషులను సరఫరా చేయడం ఆయన వ్యాపారం. ఆయన భార్య నాగమల్లేశ్వరి హెచ్‌.ఆర్., అకౌంట్స్, శుక్రవారం పూజ చూసుకుంటుంది. ప్రాజెక్టు దొరికేదాకా ఖాళీగా కూర్చోవడాన్ని అక్కడ బెంచి అంటారు. ప్రస్తుతం బెంచి మీద ఉన్నది నీరజ్ ఒక్కడే. నెలాఖరులోగా ప్రాజెక్టు దొరక్కపోతే అతని వీసా రద్దు చేయించక తప్పదని కోటేశ్వరరావు చాలా మర్యాదగా, రెండుసార్లు చెప్పి ఉన్నాడు.

దొరికేలాగే ఉంది. తారా మిల్లర్ అనే క్లయింట్ మేనేజర్ శుక్రవారం స్వయంగా వచ్చి అతన్ని ఇంటర్వ్యూ చేస్తానంది. ఆవిడ కాల్స్‌లో కెమెరా ఆన్ చేయదు. ప్రొఫైల్ ఫోటోలో కూడా ఆవిడకి బదులు ఒక చేపల తొట్టి ఉంటుంది.

"చూశావా, అడుగున వైట్ శాండ్. మనదేమో ఎర్ర రాళ్ళు, పాత సినిమాహాల్లో తివాచీలాగా. ఇక ఆ ఫిల్టర్ చప్పుడికి, ఫోన్లో 'మీరు బస్‌లో ఉన్నారా' అని అడుగుతున్నారు నన్ను. రెండూ మార్చెయ్. కాలేజీలో చేపలు పెంచానన్నావుగా?" అన్నాడు కోటేశ్వరరావు, నీరజ్‌కి ఆ ఫోటో చూపిస్తూ.

"మార్చొచ్చు సార్. కానీ రెండూ ఒకేసారి మార్చకూడదు."

నీరజ్ వాళ్ళ ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటివాడు. ప్రశ్న ఎంత చిన్నదైనా జవాబు పూర్తిగా రాస్తేనే మార్కులు వస్తాయని నమ్మేవాడు. అందుకని మొదటినుంచీ చెప్పాడు. చేపల మలినంలోంచి అమ్మోనియా పుడుతుంది. అది విషం. దాన్ని విరిచే మంచి బ్యాక్టీరియా ఆ ఎర్ర రాళ్ళకీ, ఫిల్టర్‌లోని మురికి స్పాంజికీ పట్టుకుని బతుకుతుంది. ఆ రెండూ ఒకేసారి తీసేస్తే చేపలు తమ విషంలో తామే పోతాయి.

"కొత్త ఫిల్టర్‌ని పాతదాని పక్కనే పెట్టి రెండూ కలిపి నడపాలి సార్. కొత్తదానికి బ్యాక్టీరియా పట్టాక పాతది తియ్యాలి. ఆ తరవాతే రాళ్ళు, అవీ కొంచెం కొంచెంగా. మొత్తం నెలన్నర పడుతుంది."

"నెలన్నరా? అంత టైమ్‌లో నేను నలుగుర్ని డేటా ఇంజనీర్లని చేసి పంపిస్తాను."

చివరికి రాజీ కుదిరింది. ముందువైపు అద్దం దగ్గర మాత్రం తెల్ల ఇసుక. వెనకాల ఎర్ర రాళ్ళు అలాగే. ఫిల్టర్లు రెండూ నడుస్తాయి, తారా మిల్లర్ ఉన్నంతసేపు పాతదాన్ని ఆపుతారు. బుధవారానికి నీరజ్ ఆ పని ముగించి, ఎవరైనా కదిలిస్తారేమోనని తొట్టికి ఒక కాగితం అంటించాడు. 'దయచేసి శుభ్రం చేయవద్దు. లోపల బ్యాక్టీరియా ఉంది.' కాగితం చిన్నది కావడంతో 'మంచి' అన్న మాట పట్టలేదు.

గురువారం అతను ఇంటి దగ్గరే ఉండిపోయాడు. రెజ్యూమేలో కోటేశ్వరరావు రాసిన ఎనిమిదేళ్ళ అనుభవాన్ని బట్టీపట్టాలి మరి. అందులో మొదటి మూడేళ్ళూ నీరజ్ ఇంటర్మీడియట్‌లో, డిగ్రీలో ఉన్నాడు.

అదే సాయంత్రం పూజకి ఆఫీసు సర్దుతూ నాగమల్లేశ్వరి ఆ కాగితం చదివింది.

శుక్రవారం ఉదయం కోటు వేసుకుని వచ్చిన నీరజ్‌కి గుమ్మంలోంచే తొట్టి తళతళలాడుతూ కనిపించింది. అడుగంతా తెల్ల ఇసుక. ఫిల్టర్ ఒక్కటే, చప్పుడు లేనిది. అయిదు గోల్డ్‌ఫిష్‌లూ నీటి పైకి వచ్చి నోళ్ళు తెరిచి ఎగరొప్పుతున్నాయి.

"ఆంటీ! ఇది ఎవరు చేశారు?"

"ఆఫీసులో మేడమ్ అనాలి. నేనే చేశాను. బ్యాక్టీరియా ఉందని నువ్వే రాసి పెట్టావుగా? లక్ష్మీదేవి వచ్చే చోట బ్యాక్టీరియా ఉంచుతామా? నీళ్ళన్నీ పారబోసి కుళాయి నీళ్ళు పట్టాను. ఆ స్పాంజిని బ్లీచ్‌లో నానబెట్టి ఉతికి ఉతికి... అబ్బో, ఎంత జిడ్డు! ఆఖరికి ట్రాష్‌లో పడేశాను."

"అదే మేడమ్ ఫిల్టరంటే. ఆ జిడ్డే."

"బావుంది. మురికి కడిగితే తప్పంటావు. ఏం చదువులయ్యా మీవి?"

అప్పుడే వచ్చిన కోటేశ్వరరావు తొట్టి చూసి మురిసిపోయాడు. "శెభాష్! మరి ఇవేంటి, నోళ్ళు తెరుస్తున్నాయి? ఆకలేమో." అని నీరజ్ వద్దనేలోపు గుప్పెడు మేత చల్లాడు. భర్త చల్లాడు కదా అని నాగమల్లేశ్వరి నాలుగు మెతుకులు చక్కెరపొంగలి కూడా వేసింది. తినని మేత, తిన్న మేత, రెండూ విషాన్ని పెంచేవే.

"రాళ్ళెక్కడ పడేశారు మేడమ్?"

"పడెయ్యడమెందుకు, బయట పూలమొక్కల చుట్టూ పోశాను. ముచ్చటగా ఉన్నాయి."

రాత్రి వాన పడింది. రాళ్ళు ఇంకా తడిగానే ఉంటే వాటి మీద బ్యాక్టీరియా కొంతైనా మిగిలి ఉంటుంది. నీరజ్ కోటుతోనే పార్కింగ్‌లోకి పరుగెత్తి, బురదలో మోకాళ్ళ మీద కూర్చుని, పూజ దగ్గర దొరికిన ఖాళీ పులిహోర గిన్నెలోకి రాళ్ళు ఏరడం మొదలుపెట్టాడు. పక్కన ఒక కారు వచ్చి ఆగింది. దిగినావిడ అతన్నీ, గిన్నెనూ, రాళ్ళనూ చూసి, ఆఫీసు ఇదేనా అని ఇంగ్లీషులో అడిగింది. చేతులు ఖాళీ లేక అతను గడ్డంతో తలుపు చూపించాడు.

ఇద్దరూ ఒకేసారి లోపలికి వచ్చారు. మోకాళ్ళదాకా బురదతో ఉన్న తన డేటా ఇంజనీర్ని క్లయింట్ పక్కన చూసిన కోటేశ్వరరావు ఒక్క అంగలో ఎదురొచ్చాడు. నోటికి అలవాటైన మాటే వచ్చింది.

"వెల్కమ్, మిస్ మిల్లర్! ఈయన మా అక్వేరియం స్పెషలిస్ట్. ఎయిట్ ఇయర్స్ ఎక్స్‌పీరియన్స్. నీరజ్ ఆన్ ద వే, ట్రాఫిక్‌లో ఉన్నాడు."

ఆవిడ తల ఊపి కాన్ఫరెన్స్ గది తలుపు దగ్గరే నిలబడి తొట్టిని చూడసాగింది. కోటేశ్వరరావు నవ్వు చెదరకుండా, వాతావరణం గురించి మాట్లాడుతున్నవాడిలా, తెలుగులోకి మారాడు.

"ఈ అవతారం ఏంట్రా? వెనక గదిలోకి పో, మొహం కడుక్కో, నా కోటు వేసుకుని వీడియో కాల్‌లో రా. ట్రాఫిక్‌లో ఇరుక్కున్నా, కార్‌లోంచే మాట్లాడుతున్నా అని చెప్పు. ఆ నార్త్ ఇండియన్ మొహానికి తెలుగు రాదులే."

"సార్, పది నిమిషాలు. నీళ్ళలో క్లోరిన్ విరుగుడు కలిపి ఈ రాళ్ళు వెయ్యకపోతే చేపలు చచ్చిపోతాయి."

"చేపలకి వీసా అక్కర్లేదురా. నీకు కావాలి."

నీరజ్ గిన్నెను తొట్టి పక్కన పెట్టి వెనక గదివైపు నాలుగడుగులు వేశాడు. పెద్ద చేప ఒకటి పక్కకి ఒరిగింది. అతను వెనక్కి వచ్చి, కోటు విప్పి చొక్కా చేతులు మడిచాడు.

"నీ ఇష్టం," అన్నాడు కోటేశ్వరరావు, క్లయింట్‌ని చూసి నవ్వుతూనే. "సోమవారం నీ వీసా రద్దు కాగితాలు పంపించేస్తా."

"అంకుల్," అంది తారా మిల్లర్. "నీరజ్‌ని ఆ ఫిష్ వర్క్ ఫినిష్ చెయ్యనివ్వండి. నేను వెయిట్ చేస్తాను."

ఆఫీసులో కొత్త ఫిల్టర్ చప్పుడు కూడా వినిపించింది.

"మీకు... తెలుగు..."

"మా అమ్మది తెనాలి అంకుల్. మిల్లర్ మా హస్బెండ్ నేమ్. నార్త్ ఇండియన్ మొహం మా నాన్నది అనుకుంటా. ఆయనది ఒంగోలు."

నాగమల్లేశ్వరి ఆవిడకి గబగబా ప్రసాదం పెట్టింది. ఇంకేం చేయాలో ఆ ఆఫీసులో ఎవరికీ తెలియలేదు.

ఇంటర్వ్యూ తొట్టి దగ్గరే జరిగింది. నీరజ్ నీళ్ళలో మందు కలిపి, ఎర్ర రాళ్ళను వలసంచిలో కట్టి ఫిల్టర్ ముందు వేలాడదీస్తూ జవాబులు చెప్పాడు. ఆవిడ డేటా గురించి అడిగింది, బాగానే చెప్పాడు. తొట్టికి ఏమైందని అడిగింది, ఇంకా బాగా చెప్పాడు.

"గుడ్. రియల్‌గా ఎన్ని ఇయర్స్ చేశావు వర్క్?"

కోటేశ్వరరావు దగ్గాడు. నీరజ్ తడిచేతులు తుడుచుకున్నాడు.

"రెండేళ్ళు మేడమ్. మిగతా ఆరూ సార్ రాశారు."

"నాకు టూ ఇయర్స్ చాలు, యూ నో? ఈ జాబ్‌కి టూ చాలు." ఆవిడ మొహంలో నిజంగానే బాధ కనిపించింది. "కానీ నువ్వు ఆ రెజ్యూమే కింద సైన్ చేశావు. ఫాల్స్ అని తెలిశాక నేను తీసుకోలేను. మా కంపెనీలో రూల్. సారీ, నీరజ్."

రెండేళ్ళే రాసి ఉంటే ఉద్యోగం వచ్చేదని అతనికి అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది. కోటేశ్వరరావుకి అది ఎప్పటికీ అర్థం కాలేదు.

ఆవిడ వంగి తొట్టిలోకి చూసింది. "వీటికి ఆ రాళ్ళు సరిపోతాయా?"

"చాలవు మేడమ్. బ్యాక్టీరియా బాగా పట్టిన తొట్టి ఉంటే బతుకుతాయి."

"మా ఇంట్లో టెన్ ఇయర్స్ ఓల్డ్ ట్యాంక్ ఉంది, చాలా పెద్దది. అంకుల్, నేను తీసుకెళ్ళనా?"

క్లయింట్ అడిగినదానికి కాదనడం కోటేశ్వరరావుకి తెలియని విద్య. నీరజ్ అయిదు చేపలనూ సంచుల్లో కట్టి కారులో ఎక్కించి, సంచుల్ని మొదట ఆ తొట్టి నీళ్ళ మీద తేలనివ్వాలనీ, ఆ రోజు మేత వేయకూడదనీ పూర్తిగా చెప్పాడు. ఆవిడ శ్రద్ధగా విని, అతనికి షేక్‌హ్యాండ్ ఇచ్చి వెళ్ళిపోయింది.

"ట్రూత్ ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను?" అన్నాడు కోటేశ్వరరావు, లోపలికి వచ్చాక.

"అసలు బ్యాక్టీరియా ఉందని బోర్డు ఎవరు పెట్టమన్నారు?" అంది నాగమల్లేశ్వరి.

నీరజ్ ఖాళీ తొట్టి ముందు కూర్చుని చొక్కా చేతులు దించుకున్నాడు.

ఆ ఏడాది ఆ కన్సల్టెన్సీ నుంచి క్లయింట్ దగ్గరికి వెళ్ళి కుదురుకున్నవి ఆ అయిదు చేపలే.