బక్కగడ్డికి ఎండ పెట్టించిన వైనం

పెద్ద అడవి మాది. అంత పెద్ద అడవికీ గడ్డి నిపుణుణ్ణి నేనొక్కణ్ణే, అడవిదున్నను. అర్హత ఏమిటంటారా? అందరికంటే ఎక్కువ మేశాను. మా సభలో నిపుణుల్ని ఎంచే పద్ధతి అదే. తేనె నిపుణుడు ఎలుగుబంటి. ఆయనే అధ్యక్షుడు కూడా.

మద్దిచెట్ల నీడలో సన్నటి గడ్డి ఒకటి పెరిగేది. పైన వాడినా దుబ్బు చావదు, మళ్లీ చిగురేస్తుంది. అందులో ఒక కుందేలు పిల్లల్ని పెట్టింది. గద్ద కంటపడకుండా వాటిని దాచేది ఆ గడ్డే.

ఒకరోజు అధ్యక్షుడు సభవాళ్లందరితో అటుగా వచ్చి, గడ్డిని చూసి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు.

"నా పాలనలో గడ్డి ఇంతలా చిక్కిపోవడమా! దున్నగారూ, ఏమిటి దీని జబ్బు?"

నాకేం తెలుసు? తినడమే గానీ, అది ఎక్కడ ఎలా పెరుగుతుందో చూసిన పాపాన పోలేదు. కానీ అందరూ నా మూతివైపే చూస్తున్నారు. గొంతు సవరించుకున్నాను.

"ఎండ తగలక," అన్నాను.

"ఆహా!" అన్నారందరూ. అంత బాగా చెప్పానా అని నాకే ఆశ్చర్యమేసింది.

కుందేలు పరుగెత్తుకొచ్చింది. "దున్నమామా, అది పుట్టడమే సన్నగా పుట్టింది. దాని మానాన దాన్ని వదిలెయ్యండి. నా పిల్లలింకా పరుగెత్తలేవు."

"ఇది శాస్త్రం అమ్మాయ్, నీకర్థం కాదు," అన్నాను.

గడ్డికి ఎండ తగిలేలా మద్దిచెట్ల కొమ్మలు విరిచే పని ఏనుగన్న తీసుకున్నాడు. "అంతా ప్రజాసేవే," అంటూ విరిచిన ప్రతి కొమ్మనూ ఆకులతో సహా నమిలేశాడు. ప్రారంభోత్సవానికి వచ్చినవాళ్లంతా గడ్డి బాగా కనబడాలని గడ్డిమీదే నిలబడ్డారు.

వారం తిరక్కుండా గడ్డి మాడిపోయింది. కుందేలు పిల్లలు బట్టబయట పడ్డాయి. పైన గద్ద తిరగడం మొదలుపెట్టింది. కుందేలు ఏడుస్తూ సభకొచ్చింది.

"వెంటనే నీడ కావాలి," అన్నాడు అధ్యక్షుడు. "మనలో బాగా వెడల్పు ఎవరు?"

ఏనుగన్న అప్పటికే వేరే అడవి చెట్లకు సేవ చెయ్యడానికి వెళ్లిపోయాడు. మిగిలింది నేనే.

అప్పట్నుంచీ ఇక్కడే నిలబడి ఉన్నాను. 'నీడ సలహాదారు' అని కొత్త హోదా ఇచ్చారు.

"కాస్త ఇటు జరుగు మామా, చిన్నదాని మీద ఎండ పడుతోంది," అంటుంది కుందేలు. జరుగుతాను.

నాలుగు చినుకులు పడగానే నా పొట్టకిందే ఆ గడ్డి మళ్లీ లేచింది, సన్నగా, పచ్చగా. నోరూరిపోతోంది. వంగానా, కుందేలు ముక్కుమీద తంతుంది.

నీతి: తెలియని సంగతే గట్టిగా చెప్పండి, పదవి వెతుక్కుంటూ వస్తుంది.