మాస్కూ, మీసమూ, మధ్యలో అత్తగారూ

శుక్రవారం పొద్దున్నే షాపు షట్టరు పైకెత్తుతూ అల్లుడుగారు వేసుకున్న పథకం చాలా చిన్నది. గిరాకీ మొదలయ్యేలోగా ఒక మాస్కు ఎంచుకోవాలి, మధ్యాహ్నం అత్తగారికి ఫోన్ చేసి "తయారండీ" అనాలి, ఆదివారం ఆవిడతో కలిసి సముద్రంలో దిగాలి. అంతే.

ఆయనది కళ్ళజోళ్ళ షాపు. మనిషి గుమ్మం దాటి కుర్చీలో కూర్చునేలోగానే ఆ ముఖానికి ఏ ఫ్రేము నప్పుతుందో చెప్పేస్తారని పేరు. ఆ పేరుతో పాటు ఆయనకో మీసం కూడా ఉంది. దట్టంగా, నిండుగా, పై పెదవికి గొడుగు పట్టినట్టుండే మీసం. షాపు బోర్డు మీద ఒక కళ్ళజోడు, దాని కింద ముక్కు, ఆ కింద అదే మీసం బొమ్మగా వేయించారు. వీధిలో అందరూ "మీసాల షాపు" అనడమే గానీ దాని అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు.

ఇక అత్తగారి సంగతి. ఆవిడకు అరవై దాటాయి. ఆ వయసులో మనలో చాలామందికి మేడ మెట్లెక్కితేనే ఆయాసం. ఆవిడ మాత్రం ఒక్కసారి గుండెల నిండా గాలి పీల్చుకుని, సిలిండరూ గిలిండరూ ఏమీ లేకుండా, చేతిలో బల్లెం తుపాకీతో సముద్రం అడుగుకి వెళ్ళి, ఇంట్లో కూరకి సరిపడా ఒక్క చేపను కొట్టుకొస్తారు. రెండోది కొట్టరు. ఆవిడకు ఇంకో నియమం కూడా ఉంది. ఒంటరిగా దిగరు. ఒకరు కిందికి వెళ్తే ఇంకొకరు పైన తేలుతూ, వాళ్ళ మీంచి చూపు తిప్పకుండా కాపలా కాయాలి. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆ కాపలా మామగారిదే. ఈమధ్య ఆయన చెవి పాడైంది. డాక్టరు మెడ దాటి నీళ్ళలోకి వెళ్ళొద్దనేశాడు.

"తోడు లేకపోతే ఇక దిగేది లేదు. సామానంతా అటక మీద పెట్టేస్తాను," అన్నారు అత్తగారు, ఏదో పాత గిన్నెల సంగతి చెప్తున్నట్టు. కానీ ఆ మాట అంటూ ఆవిడ కిటికీ వైపు తిరిగిపోవడం అల్లుడుగారు చూశారు. ఆయనకు ఈత బాగా వచ్చు. అత్తగారంటే అంతకంటే బాగా ఇష్టం.

"నేనొస్తానండీ అత్తయ్యా," అనేశారు.

"వస్తే సంతోషమే బాబూ. ముందు నీ మొహానికి సరిపడే మాస్కు తెచ్చుకో. చిన్నది, లోపల గాలి తక్కువ పట్టేది చూసుకో. కిందికి పోయేకొద్దీ నీళ్ళు దాన్ని మొహానికేసి నొక్కుతాయి. అప్పుడు ముక్కుతో కాస్త గాలి దాన్లోకి వదలాలి. పెద్ద మాస్కయితే నీ ఊపిరంతా అదే తాగేస్తుంది. పట్టీ తగిలించకుండా పెట్టుకుని, ముక్కుతో ఇంత గాలి పీల్చి చెయ్యి వదిలెయ్. పడకపోతే అది నీదే."

ఇంత వివరంగా చెప్పాక పొరపాటు చేయాలంటే మామూలు మనుషుల వల్ల కాదు. కళ్ళజోళ్ళ షాపు ఓనరే అయ్యుండాలి.

ఆటసామాన్ల షాపులో అడిగి తెచ్చిన మూడు మాస్కుల్నీ అల్లుడుగారు తన పెద్ద అద్దం ముందు వరసగా పేర్చారు. మొదటిది టీవీ అంత వెడల్పుంది. పెట్టుకుంటే ముఖం మహా హుందాగా ఉంది. పక్కకి తిరిగి కూడా చూసుకున్నారు. అత్తగారి మాట గుర్తొచ్చి బాధగా పక్కన పెట్టారు. రెండోది ముఖాన్ని కోలగా చూపిస్తోందని ఒప్పుకోలేదు. మూడోది నల్లగా, చిన్నగా, అద్దాలు కనురెప్పలకి తగిలేంత దగ్గరగా ఉంది. అందం సంగతి ఎలా ఉన్నా ఎంచుకోవలసింది దాన్నే. పట్టీ తీసి, ముఖానికి ఆనించి, ముక్కుతో పీల్చి చెయ్యి వదిలారు. మాస్కు టపీమని కౌంటరు మీద పడింది.

మళ్ళీ పెట్టారు. మళ్ళీ పడింది. ముక్కు కింద అంచు మీసం మీద కూర్చోవడంతో వెంట్రుకల మధ్యనుంచి గాలి దూరిపోతోందని ఆయనకి అర్థమైంది. మీసం తీసే ప్రశ్నే లేదు. సొరుగులోంచి వాజిలిన్ డబ్బా తీసి మీసానికి దిట్టంగా పట్టించారు. మాస్కు పెట్టుకుని, ఉన్న బలమంతా ఉపయోగించి ముక్కుతో పీల్చారు. ఈసారి అది ముఖానికి కరుచుకుపోయింది.

ఆయన ఆనందం అంతా ఇంతా కాదు. ఇది ఎంతసేపు నిలుస్తుందో తేల్చేద్దామని నోటితో ఊపిరి తీసుకుంటూ, లెన్సులు అరగదీసే మిషను ముందు కూర్చుని పనిలో పడ్డారు. మాస్కు కాస్త వదులైనట్టనిపించినప్పుడల్లా ముక్కుతో మరో దమ్ము లాగారు. చివరికి అంచు కింద వేలు పెట్టి ఊడదీసేసరికి ముఖం మీద గుండ్రంగా ఎర్రటి వాత, కళ్ళల్లో తెల్లగుడ్లు మందారాల్లా ఎర్రగా తేలాయి.

సరిగ్గా అప్పుడే రిటైరైన టీచరమ్మ కొత్త కళ్ళజోడు కోసం లోపలికొచ్చారు.

"అయ్యో! కళ్ళకలకా?"

"అబ్బే, కాదండీ. ఊరికే గాలి పీల్చాను. అంతే."

"గాలి పీలిస్తేనే వచ్చేసిందా!" అని ఆవిడ చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని వెనక్కి వెనక్కి నడిచి, గుమ్మం తట్టుకుని, పక్కనున్న మందుల షాపులో తేలారు. అక్కడ చుక్కల మందు కొంటూ, గాలి ద్వారా వ్యాపించే కొత్తరకం కళ్ళకలక వీధిలోకి వచ్చిందని, కళ్ళజోళ్ళాయనకే తగులుకుందంటే ఇక మన గతేమిటని వాపోయారు. టీచరమ్మ మాట కాదనే అలవాటు ఆ వీధిలో ఎవరికీ లేదు. సగంమంది ఆవిడ దగ్గర చదువుకున్నవాళ్ళే.

గంట గడిచేసరికి షాపు ముందు జనం. ఎవరూ గడప దాటరు.

"సార్, నల్లకళ్ళద్దాలు రెండు ఇటు విసరండి!"

"నాకు మూడు! పిల్లలవి కూడా!"

"బాబోయ్, మీరు మాత్రం ఇటు చూడకండి!"

"ఇది కళ్ళకలక కాదు బాబూ!" అని అల్లుడుగారు మొత్తుకుంటూనే విసిరారు. మధ్యాహ్నానికి నల్లకళ్ళద్దాల అరలో మిగిలింది ఒక్క జత. వీధి వీధంతా ఏదో చావుకి వెళ్ళొస్తున్నట్టు నల్లద్దాలతో తిరుగుతోంది.

ఆ జతా, మాస్కూ పట్టుకుని ఆయన ఇల్లు చేరేసరికి భార్య విడిగా ఒక కంచం, ఒక గ్లాసు, ఒక తువ్వాలు గుమ్మం పక్కన సిద్ధం చేసింది.

"ఏవండీ, అక్కడే ఆగండి. అంతా తెలిసింది. అమ్మకి కూడా ఫోన్ చేసి చెప్పేశాను, ఆదివారం రాలేరని."

అల్లుడుగారు తువ్వాలు అందుకోబోతూ ఆగిపోయారు. "ఏమన్నారు?"

"ఏమంటుంది? 'సర్లే తల్లీ, ఆరోగ్యం జాగ్రత్త' అంది. గొంతు మాత్రం బాగోలేదు."

ఆయన వెంటనే ఫోన్ అందుకున్నారు. ఎత్తింది మామగారు.

"మీ అత్తయ్య నిచ్చెన అడుగుతోందయ్యా. కనబడట్లేదని చెప్పాను. మంచం కింద దాచాను. సాయంత్రం దాకా ఎలాగో ఆపగలను. ఆ తర్వాత నా వల్ల కాదు."

అల్లుడుగారు ఫోన్ పెట్టేసి నేరుగా అద్దం ముందుకెళ్ళారు. ఇరవయ్యేళ్ళ మీసం. దాన్ని కాసేపు దువ్వారు. తర్వాత కత్తెర తీసుకున్నారు, ఆ తర్వాత రేజరు. నున్నటి పెదవితో బయటికొస్తే భార్య కెవ్వుమంది. ఎవరో తెలిశాక ఇంకోసారి కెవ్వుమంది. ఆయన జవాబు చెప్పకుండా షాపు నుంచి తెచ్చుకున్న నల్లకళ్ళద్దాలు పెట్టుకుని, మాస్కు చంకలో ఇరికించుకుని స్కూటరెక్కారు.

తలుపు తీసిన అత్తగారు ఆ మనిషిని ఎగాదిగా చూశారు. "ఎవరు కావాలి బాబూ?"

ఆయన నల్లద్దాలు తీశారు. ఎర్రటి కళ్ళు, వాటి చుట్టూ ఎర్రటి వాత. ఆవిడ ఆ వాత మీద వేలు పెట్టి చుట్టూ ఒకసారి గీశారు. అంతే, విషయం మొత్తం తెలిసిపోయింది.

"ముక్కుతో పీల్చి పీల్చి పట్టుకున్నావా?"

"అవునండీ అత్తయ్యా. గట్టిగా."

అత్తగారు గుమ్మంలోనే చతికిలబడి, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వారు. "కళ్ళకలక కాదురా నాయనా, మాస్కు పిండేసింది! కాస్త గాలి పీల్చి చూడమన్నానుగానీ కళ్ళు లాగేసుకోమన్నానా? వారం పది రోజుల్లో అదే తగ్గుతుంది. అందాకా నీళ్ళ జోలికి రావద్దు. సముద్రం ఎక్కడికీ పోదులే." అంతలో ఆవిడ చూపు పెదవి మీద ఆగింది. నవ్వు ఆగిపోయింది. "మీసమేది?"

"మాస్కు అంటుకోవట్లేదండీ. మీరు సామాను అటక మీద పెట్టేస్తారేమోనని..."

అత్తగారు లేచి, మాస్కు అందుకుని, ఆయన ముఖానికి తనే మెల్లగా ఆనించారు. "కొంచెం పీల్చు. పువ్వు వాసన చూసినట్టు." ఆయన పీల్చారు. ఆవిడ చెయ్యి తీసేశారు. మాస్కు కదలలేదు.

"బాగుంది," అన్నారావిడ. "కానీ బాబూ, మీ మామయ్య ఇన్నేళ్ళూ మీసంతోనే దిగాడు కదా." లోపలికి తిరిగి కేకేశారు. "ఇలా రావయ్యా, చూపించు."

మామగారు వచ్చి దీపం కింద ముఖం పైకెత్తారు. ముక్కుకీ మీసానికీ మధ్య సన్నగా, శుభ్రంగా గొరిగిన ఒక గీత. మాస్కు అంచు కూర్చోవడానికి అంతే చోటు చాలు. పెళ్ళిచూపుల నాటి నుంచీ ఎదురుగా ఉన్న ముఖం అది. ఆ ముఖానికి అల్లుడుగారు మూడుసార్లు ఫ్రేములు కూడా ఎంచి పెట్టారు.

"నన్నడిగితే చెప్పేవాణ్ణిగా," అన్నారు మామగారు జాలిగా.

కళ్ళు తెల్లబడ్డాక వచ్చిన ఆదివారం ఇద్దరూ దిగారు. ఒడ్డున మామగారు గొడుగేసుకుని కూర్చున్నారు. అత్తగారు నీళ్ళ మీద బోర్లా పడుకుని, నిదానంగా ఊపిరి తీసుకుని, నడుము దగ్గర వంగి కిందికి జారిపోయారు. ఒక్క చుక్క చిందలేదు. చిన్న మాస్కులోంచి అల్లుడుగారికి అంతా కనబడింది. రాళ్ళ పక్కన ఆవిడ ఇసుక మీద వాలి, కదలకుండా, తొందర లేకుండా ఎదురుచూశారు. వంటింట్లో మోకాళ్ళ నొప్పులని గొణిగే మనిషేనా ఈవిడ అనిపించింది. పెద్ద చేప ఒకటి ఆవిడ దగ్గరికొచ్చి, చుట్టూ తిరిగి, వెళ్ళిపోయింది. ఆవిడ బల్లెం ఎత్తలేదు. పైకొచ్చి, ఊపిరి తీసుకుని, బాగానే ఉన్నానని అల్లుడి ముఖంలోకి చూసి చెయ్యి ఊపారు.

"కొట్టలేదేమండీ?"

"ఎంత బాగుందో చూశావుగా. పోనీలే అనిపించింది. అది సరే, నీ మొహమేంటి అలా నల్లబడింది? పైన ఉన్నవాడివి ఊపిరి తీసుకోవాలి బాబూ. నాకంటే నువ్వే ఎక్కువసేపు బిగబట్టినట్టున్నావు." ఆవిడ మాస్కులో నీళ్ళు వంపేసి, కాస్త మొహమాటంగా అడిగారు. "వచ్చే ఆదివారం ఖాళీయేనా?"

"ప్రతి ఆదివారం ఖాళీయే అత్తయ్యా," అన్నారు అల్లుడుగారు.

సోమవారం టీచరమ్మ జంకుతూ వచ్చి, కౌంటరు వెనకున్న నున్నటి ముఖాన్ని చూసి, "మీ అన్నగారికి నయమైందా బాబూ?" అని అడిగారు. అల్లుడుగారు నయమైందని చెప్పి, ఆవిడ కళ్ళజోడు ఆవిడకిచ్చి పంపారు. సాయంత్రం పెయింటరు నిచ్చెనతో వచ్చి బోర్డు మీది మీసం పూర్తిగా చెరిపేయమంటారా అని అడిగితే, అల్లుడుగారు కాసేపు ఆలోచించి, ముక్కు కింద సన్నగా ఒక గీత మేరకు చెరిపితే చాలన్నారు.