ముక్కు మీద పదిహేడు శాతం

ఆ ఉదయం రసాయనశాస్త్రం మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. ఇస్త్రీ చొక్కా తొడుక్కోవాలి, వేళకి బడి చేరాలి, తనిఖీకి వచ్చే అధికారిణి ముందు పదో తరగతికి ఆమ్లాల పాఠం చెప్పి శభాష్ అనిపించుకోవాలి. గడ్డం గీసుకుందామని అద్దం ముందు నిలబడేసరికి ముక్కు కొన మీద ఎర్రగా, నిండుగా, పిలవని చుట్టంలా ఒక మొటిమ కూర్చుని ఉంది.

ఈ వయసులో మొటిమ! పైగా పదో తరగతి పిల్లలు ఊరుకునే రకం కాదు. ఆ తరగతిలోనే సొంత కూతురు కూడా ఉంది.

ఇంట్లో మొటిమల మందు లేక కాదు. కిందటి వారమే కూతురి చేతిలోంచి ఆయన లాక్కున్నాడు. సాలిసిలిక్ ఆమ్లం, రెండు శాతం. "యాసిడ్ రాసుకుంటావా? అది మొహమా, బాత్రూం గచ్చా?" అని ఇల్లెగిరిపోయేలా అరిచాడు. "డాక్టరమ్మే రాసిచ్చింది నాన్నా" అని పిల్ల ఎంత మొత్తుకున్నా వినకుండా ఆ సీసాను దుప్పట్ల కింద దాచేశాడు. ఇప్పుడు అదే దుప్పట్ల కింద దొంగలా తడుముతుంటే సీసా లేదు. ఎక్కడుందని కూతుర్ని అడగడానికి మొహం చెల్లలేదు.

చివరికి మందుల డబ్బాలో అత్తగారి ఆనెకాయల మందు కనబడింది. చీటీ చదివాడు. అదే సాలిసిలిక్ ఆమ్లం. పక్కనే పదిహేడు శాతం అని ఉంది.

జవాబులో శాతం రాయని పిల్లలకు నిర్దాక్షిణ్యంగా సున్నా చుట్టే మనిషి ఆ అంకెను చూసి సంబరపడ్డాడు. బలం ఎక్కువైతే పని తొందరగా అవుతుందనుకుని, దండిగా పట్టించాడు. గోటితో పోయేదానికి గొడ్డలి ఎత్తడమంటే ఇదే. మందు తెల్లటి అట్ట కట్టింది, అట్ట కింద మంట మొదలైంది. పీకితే అట్టతో పాటు తోలూ వచ్చింది. ఇక గత్యంతరం లేక ముక్కుకు ప్లాస్టరు అంటించుకున్నాడు.

"ముక్కుకేమైంది?" అంది భార్య.

"గడ్డం గీసుకుంటుంటే తెగింది."

"ముక్కు మీద గడ్డం ఎప్పట్నుంచి మొలుస్తోంది?"

ఈ అబద్ధం చెల్లదని తేలడంతో బడికి వెళ్లేసరికి ఇంకోటి సిద్ధం చేసుకున్నాడు. హెడ్‌మిస్ట్రెస్ అడగగానే, "ల్యాబ్‌లో కాస్త యాసిడ్ చిందిందండి" అన్నాడు. సగమైనా నిజం ఉంది కదా అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

"ల్యాబ్‌లోనా! ఇవాళే దొరికిందా చిందడానికి?" అంటూ ఆవిడ ల్యాబ్‌కు తాళం వేయించి అటెండర్ని పిలిపించింది. "సీసాల మూతలు సరిగ్గా పెట్టవా నువ్వు?"

"పెట్టానమ్మా" అన్నాడు అటెండర్. తర్వాత మాస్టారి ప్లాస్టరు చూసి గొంతు తగ్గించాడు. "పెట్టాననే అనుకుంటున్నానమ్మా."

అప్పుడే నోరు విప్పాల్సింది. మాస్టారు విప్పలేదు. ఇంతలో అధికారిణి రానే వచ్చింది, సంగతి విననే విన్నది. "పిల్లల మీద పడి ఉంటే? ఈ అటెండర్ని ఇవాళే పనిలోంచి తీసేయండి" అని చెప్పి, నేరుగా తరగతిలోకి వెళ్లి వెనక బెంచీలో కూర్చుంది.

మాస్టారు బోర్డు మీద 'గాఢత' అని రాసి వెనక్కి తిరిగాడు. గుమ్మం దగ్గర అటెండర్ "సార్, మీరు ఒక్క మాట చెప్పండి సార్" అని చేతులు జోడించి నిలబడ్డాడు. ముందు బెంచీలో కూతురు ఆ ప్లాస్టరు వంకే చూస్తోంది. మాస్టారికి తల కొట్టేసినట్టయింది.

"ఆయన తప్పేం లేదండి" అన్నాడు అధికారిణితో. "ల్యాబ్‌లో ఏమీ చిందలేదు. మొటిమ లేచింది. మా అత్తగారి ఆనెకాయల మందు రాసుకున్నాను."



"శాతం చూసుకోలేదా?" అంది అధికారిణి.

"చూశానండి."

"చూసి కూడా రాసుకున్నారా?"

"ఎక్కువైతే తొందరగా తగ్గుతుందనుకున్నానండి."

తరగతి మొత్తం ఘొల్లుమంది. కూతురొక్కతే నవ్వలేదు, తల దించుకుంది. ఆయనకు ముక్కు కన్నా అదే ఎక్కువ మండింది. అధికారిణి అటెండర్ని పనిలోకి వెళ్లమని చెప్పి, "గాఢత గురించి ఇక చెప్పనక్కర్లేదు మాస్టారూ, కూర్చోండి" అంది.

సాయంత్రం తండ్రీ కూతుళ్లు కలిసి ఇంటికి బయల్దేరారు.

"నిన్ను అంతలేసి మాటలు అనకుండా ఉండాల్సిందమ్మా" అన్నాడు సగం దారిలో. "నీ సీసా కూడా పోగొట్టాను. నాకు సిగ్గుగా ఉంది."

"ముందు డాక్టరమ్మకి ముక్కు చూపించు నాన్నా" అంది కూతురు.

ఇంట్లో అడుగుపెట్టేసరికి అత్తగారు కుర్చీలో కాలు చాపుకుని, వేలికి మందు రాసుకుంటోంది. ఆవిడ చేతిలో ఉన్నది కూతురి సీసా.

"దుప్పట్ల కింద దొరికింది అల్లుడుగారూ! చీటీ మీద నా మందు పేరే ఉంది, సీసా కూడా ముచ్చటగా ఉంది కదాని వారం నుంచీ ఇదే రాస్తున్నా. ఆనెకాయ ఒక్క పిసరు కరగలేదు. మీరు కెమిస్ట్రీ మాస్టారు కదా, ఎందుకంటారు?"

కూతురు అమ్మమ్మ పాదాన్ని ఒళ్లోకి తీసుకుని, అటూ ఇటూ తిప్పి పరీక్షగా చూసింది.

"ఆనెకాయ అలాగే ఉంది అమ్మమ్మా. మొటిమలు మాత్రం ఒక్కటి కూడా లేవు."